పొద్దున్నే ఆరున్నరకు సర్వసభ్య సమావేశం

నేను పదకొండేళ్ళు ఒక నియంత దగ్గర గుమాస్తాగా పనిచేశాను.

నియంత అనగానే మీకు బూట్లు, పతకాలు, గుర్రం మీద విగ్రహం గుర్తొస్తాయేమో. మా నియంతకు ఒక సైకిలు, ఒక నల్ల గొడుగు, చొక్కా జేబులో ఒక ఇంకుపెన్ను ఉండేవి. గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. ఎవరింట్లో పెళ్ళయినా తాంబూలం అందుకునేదాకా కదలడు. ఎవరింట్లో చావు జరిగినా పాడె కింద ముందు పెట్టే భుజం ఆయనదే. ఆయన ఏలిన రాజ్యం నగరి దగ్గర ఒక ఊళ్ళోని చేనేత సహకార సంఘం. ఒక హాలు, ఒక నూలు గది, ఒక వరండా, నూట డెబ్బై చిల్లర సభ్యులు. అంతే.

జనమే ఓటేసి కూర్చోబెట్టిన మనిషి ఆ జనం ఓటునే ఎట్లా మింగేస్తాడని ఇప్పటి పిల్లలు నన్ను అడుగుతుంటారు. పెద్ద దేశాల సంగతి నాకు పుస్తకాల్లో చదివినంత మేరకే తెలుసు. ఈ చిన్న సంఘం సంగతి మాత్రం చేతులారా చేసి తెలుసు. చేతులారా అన్నమాట పొరపాటున రాయలేదు.

నేను చిత్తూరులో ఎస్సెల్సీ రెండుసార్లు తప్పి బడికి దండం పెట్టినవాణ్ణి. ఆ కసి గ్రంథాలయం మీద తీర్చుకున్నాను. డెబ్బైల మొదట్లో ఈ ఉద్యోగంలో చేరాక, సాయంత్రం సంఘం తలుపు వేయగానే శాఖా గ్రంథాలయానికి పోయి దీపం ఆర్పేదాకా కూర్చునేవాణ్ణి. చరిత్ర బీరువా పై అర నుంచి కింది అర దాకా ఏడాదిన్నరలో పూర్తి చేశాను. ఎక్కడెక్కడి రాజులు ఎట్లా ఎక్కారో ఎట్లా పడ్డారో నోటికి చెప్పగలిగేవాణ్ణి. చదివింది కడుపులో దాచుకోవడం మాత్రం ఏ పుస్తకమూ నేర్పలేదు.

సంఘంలో కూడా ఒక పుస్తకం ఉండేది, నిబంధనల పుస్తకం. నూలు గది చూసే సాయిబు దాన్ని ఎండాకాలం విసనకర్రగా వాడేవాడు. "తీసుకో భాయ్, చదివి మళ్ళా ఇయ్యి. ఉక్క పోస్తా ఉండాది" అని ఇచ్చాడు. రెండు రోజుల్లో చదివేశాను. ఊరు మొత్తంలో దాన్ని తుదిదాకా చదివినవాణ్ణి నేనొక్కడినే అని తెలిసి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఆ పెరిగిన ఛాతీతోనే తప్పు చేశాను.

నేను చేరిన ఏడాది సర్వసభ్య సమావేశానికి జనం తక్కువ వచ్చారు. కనీసం అరవై మంది ఉంటేనే సభ సాగాలి. దాన్నే కోరం అంటారు. యాభై దాటారు గానీ అరవై కాలేదు. అధ్యక్షుడు గోడ గడియారం వైపు చూసి, "ఏం జేద్దామప్పా, ఇంకో రోజుకు పెట్టుకుందామా?" అన్నాడు.

నన్నెవరూ అడగలేదు. అయినా లేచాను.

"అవసరం లేదన్నా. కోరం లేకపోతే అరగంట ఆగాల. ఆగినాక ఎంతమంది ఉంటే అంతమందితోనే జరుపుకోవచ్చు. పుస్తకంలో ఉండాది."

"ఎంతమంది ఉన్నా?"

"ఎంతమంది ఉన్నా."

"ఏడుగురున్నా?"

"ఏడుగురున్నా."

ఆ రెండో ప్రశ్న దగ్గర నాకు తెలివి రావలసింది. రాలేదు. ఆ రోజు ఆయన హోటలు నుంచి నా కోసం ప్రత్యేకంగా కాఫీ తెప్పించాడు. ఎస్సెల్సీ తప్పినవాడికి దొరికిన మొదటి బహుమతి అది. దాని రుచి ఇప్పటికీ గుర్తుంది, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ.

మరుసటి ఏడాది నోటీసు రాయిస్తూ, ఏదో మాటవరసకు అన్నట్టు ఆయన అడిగాడు. "మనోళ్ళు వీధుల్లో పడుగు సాచేది ఎన్నింటికప్పా?"

మగ్గం పని చూడనివాళ్ళ కోసం ఒక మాట. చీరకు నిలువునా పోయే దారాలను పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని వీధి పొడుగునా చాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వాలి. ఎండ ముదరకముందే ఆ పని అయిపోవాలి. అందుకే తెల్లవారుతూనే వీధికి వీధి అంతా ఒకరి పడుగు దగ్గర ఒకరు చెయ్యి వేస్తారు. మధ్యలో వదిలిపోతే దారాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని తాడైపోతాయి. నెల రోజుల తిండి ఆ తాడుతో పాటు పోతుంది.

"అయిదున్నర నుంచి ఎనిమిది దాకా అన్నా" అన్నాను.

"అట్లనా. మీటింగు ఆరున్నరకు పెట్టు. సల్లపొద్దున అయితే అందరికీ సుఖం."

అప్పటి నుంచి మా సర్వసభ్య సమావేశాలన్నీ సల్లపొద్దునే. హాల్లో అధ్యక్షుడు, ఆయన బావమరిది, బావమరిదికి బావమరిది, ఇంకో నలుగురు ఆప్తులు, బల్ల దగ్గర నేను. బయట వీధుల్లో సంఘం. ఆరున్నరకు నేను లేచి "కోరం లేదు" అని ప్రకటించేవాణ్ణి. ఇడ్లీలు వచ్చేవి. ఏడుకు తీర్మానాలు ఏకగ్రీవంగా ఆమోదం పొందేవి. ఒకసారి ఇద్దరు సభ్యులు గంజి చేతులు తుడుచుకుంటూ ఏడుకు పది నిమిషాల ముందు పరిగెత్తుకొచ్చారు. అధ్యక్షుడు నా వైపు చూశాడు. ఆ చూపు చాలు నాకు.

"సభ మొదలయ్యే టయానికి హాజరు పుస్తకంలో సంతకం పెట్టనివాళ్ళు సభలో లేనట్టే. మళ్ళీ పెట్టేదానికి లేదు" అని నిబంధన చదివి వినిపించాను. వాళ్ళు వెనక్కి పోయారు. నాకు రెండో కాఫీ వచ్చింది.

ఇడ్లీల అరగంటలో ఆయనకు కాలక్షేపం నేనే. "నిన్న ఏం సదివినావప్పా, సెప్పు" అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. పాతకాలంలో రాజులొద్దని తరిమేసిన ఒక మహానగరం ఉండేదని, అక్కడ ఏడాదికోసారి పెద్దల్ని ఎన్నుకునేవాళ్ళని, ఆపద వచ్చినప్పుడు మాత్రం ఒకే మనిషికి ఆరు నెలలు సర్వాధికారం ఇచ్చేవాళ్ళని.

"ఆరు నెలలైనాక?"

"దిగిపోవాలన్నా."

"దిగినారా?"

"మొదట్లో అందరూ దిగినారు. కడాకు వచ్చినాయన దిగలేదు."

"ఆ కడాకు వచ్చినాయన సంగతి కొంచెం ఇవరంగా సెప్పు" అన్నాడాయన, ఇడ్లీ తుంచుకుంటూ.

వివరంగా చెప్పాను. ఆ మనిషి చివరికి తన సభలోనే పోట్లు తిని చచ్చిన సంగతి కూడా చెబుదామనుకున్నాను గానీ, ఏడు కొట్టింది.

ఆ తర్వాత దేశంలో ఎమర్జెన్సీ వచ్చింది. మా సంఘం ఎన్నికలు ఆ ఏడాదే జరగాలి. "దేశ పరిస్థితుల దృష్ట్యా" అని వాయిదా తీర్మానం మొదలుపెట్టింది నేనే. ఆ మాట అధ్యక్షుడికి ఎంత నచ్చిందంటే, నూలు లారీ ఆలస్యమైనా, హాలు పైకప్పు కురిసినా, అడిగినవాళ్ళకు దేశ పరిస్థితుల దృష్ట్యా అనే చెప్పేవాడు. తర్వాత ఎమర్జెన్సీ సడలింది, దేశమంతా బారులు తీరి ఓటేసింది. నేను అమాయకంగా అడిగాను. "మరి మన ఎలక్షనన్నా?"

"వాళ్ళు తొందరపడినారప్పా" అన్నాడు ఆయన ఎంతో జాలిగా. "మనం నిదానంగా ఆలోచిద్దాం."

ఆయన ఎవరినీ కొట్టించలేదు, తిట్టించలేదు. ప్రశ్న అడిగినవాడికి నూలు చిలపలు, అంటే దారం చుట్టలు, మాత్రం గదిలో అడుగు నుంచి వచ్చేవి, చిక్కులు పడి, ముడులు పడి. మంచి చిలప అయితే ఒక పూటలో విప్పుకునే దారం, ఇది మూడు రోజులు తినేది. నేను సాయిబును అడిగాను, ఇదేంది మామా అని.

"నేనేం చేసేది భాయ్? మీది నుంచి తియ్యమంటే మీది నుంచి తీస్తా, కింద నుంచి తియ్యమంటే కింద నుంచి తీస్తా. మీది నుంచో కింది నుంచో చెప్పే నోరు నాది కాదు" అన్నాడు. నిజమే. నా నోరూ నాది కాదు అప్పటికి.

ఇట్లా ఏళ్ళు గడిచాక, ఒక అక్క మొదలుపెట్టింది.

నలభై అయిదేళ్ళ మనిషి. భర్త పోయాక ఆయన సభ్యత్వం ఆమె పేరు మీదికి వచ్చింది. తనూ ముసలి తల్లీ ఒక మగ్గం మీద బతుకుతున్నారు. ఒక రోజు నూలు కోసం వచ్చి, అందరూ వినేటట్టు అడిగింది. "ఎలక్షను ఎప్పుడప్పా? నేను నిలబడల్లని ఉండాది."

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. అధ్యక్షుడూ నవ్వాడు, చాలా మర్యాదగా. ఆ వారం నుంచి ఆమెకు ముడుల నూలు. ఆమె ఆ చిలపలు తీసుకొచ్చి సంఘం వరండాలోనే మోకాళ్ళ మీద పెట్టుకుని విప్పుతూ కూర్చునేది. పోయేవాళ్ళను వచ్చేవాళ్ళను "ఎలక్షను ఎప్పుడంట?" అని అడిగేది. మొదట నవ్వినవాళ్ళు కొన్నాళ్ళకు నవ్వడం మానేశారు. ఇంకొన్నాళ్ళకు ఆమె పక్కన కూర్చుని, ఇంకో కొస పట్టుకుని ముడులు విప్పడం మొదలుపెట్టారు.

అధ్యక్షుడు నన్ను పిలిచి, వచ్చే సర్వసభ్య సమావేశానికి తీర్మానం రాయమన్నాడు. వారసత్వంగా సభ్యత్వం వచ్చినవాళ్ళ పేర్లు జాబితా నుంచి తొలగించాలి. అంటే ఈ అక్కా, ఆమెలాంటి ముప్పై ఇళ్ళూ. సభ్యత్వం పోతే నూలు రాదు. నూలు రాకపోతే మగ్గం ఆగిపోతుంది.

"ఆ అక్క ఇల్లు గడవదన్నా" అన్నాను.

"ఎందుకు గడవదప్పా? ఎవరి మగ్గం కాడైనా కూలికి నేసుకోవచ్చు గదా. నేను ఒకరి కడుపు కొట్టేవాడినా? రాయి, మంచి మాటలు పెట్టి రాయి."

మంచి మాటలు పెట్టి రాశాను. నోటీసు నూలు గది తలుపు వెనక అంటించాను. అది కూడా మా ఆచారమే. నోటీసు అంటించినట్టూ ఉంటుంది, ఎవరికీ కనబడనట్టూ ఉంటుంది.

ఎవరు చెప్పారో గానీ, మరునాటి సాయంత్రం అక్క చిలపతో సహా గ్రంథాలయం మెట్ల మీద ప్రత్యక్షమైంది. చెప్పింది సాయిబే అని నా అనుమానం. గదిలో ఉక్కగా ఉందని ఆ రోజంతా తలుపు తెరిచి, వెనక వైపు జనానికి కనిపించేటట్టు తిప్పి పెట్టాడు.

"నువ్వు సదివినోడివి గదా. ఆ రూలు పుస్తకం మొత్తం నాకు సదివి సెప్పు" అంది.

చదివాను. ఆమె ముడులు విప్పుతూ వింది. కోరం దగ్గరికి రాగానే చేతులు ఆగాయి.

"అరవై మంది ఆరున్నరకు ముందే సంతకం పెడితే?"

"అప్పుడు అరగంట మాటే లేదక్కా. ఓటు పెట్టాల్సిందే. నిలబడదు తీర్మానం."

"మరి ఇన్నేండ్లూ మాకు సెప్పలేదే?"

"ఎవరూ అడగలేదు."

"ఆయన అడగకుండానే ఆయనకు సెప్పినావంట గదబ్బా?"

చరిత్ర బీరువా మొత్తం నా మీద కూలినట్టయింది. "అయినా అరవై మంది రాలేరక్కా. ఆ టయానికి అందరూ పడుగు కాడ ఉంటారు. పడుగు వదిలి రాలేరు" అన్నాను.

ఆమె దారం వేలికి చుట్టుకుంది. "పడుగు వదిలి రాలేరు. సరే. పడుగునే తెస్తే?"

అన్ని రాజ్యాల పతనాలు చదివిన నాకు ఈ ఆలోచన పదేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు.

సమావేశం రోజు ఇంకా చీకటి విడవకముందే నేను సంఘం తలుపు తీశాను. అప్పటికే మా వీధి మా వీధిలా లేదు. ఊళ్ళోని పడుగులన్నీ అక్కడికే వచ్చినట్టున్నాయి. ఈ కొస నుంచి ఆ కొస దాకా పక్కపక్కన నాలుగు వరుసలు. ఒకటి గేటు దాటి ఏకంగా వరండా స్తంభానికే కట్టారు. గంజి వాసన, కుంచెల చప్పుడు, వాటి మధ్య నిలబడ్డ మగవాళ్ళూ ఆడవాళ్ళూ. అక్క నన్ను చూసి, "పుస్తకం తెస్తావా, మేమే రావాల్నా?" అంది.

హాజరు పుస్తకం బల్ల మీద ఉండాలన్నది అలవాటే, నిబంధన కాదు. ఉద్యోగం ఇచ్చింది అధ్యక్షుడు, కాఫీ ఇచ్చింది అధ్యక్షుడు. పుస్తకం చంకలో పెట్టుకుని వీధిలోకి దిగాను. మొదటి పుట ఎప్పటిలాగే అధ్యక్షుడికీ ఆయన ఆరుగురికీ వదిలి, రెండో పుట నుంచి మొదలుపెట్టాను. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి పుస్తకం పట్టుకుంటే, వాళ్ళు కుంచె వదలకుండా ఒక చేత్తో నా బాల్‌పెన్నుతో సంతకం పెట్టారు. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేశారు. డెబ్బై దాకా అయ్యాయి. మంచుకు తడుస్తుందని ప్రతిసారీ పుస్తకం మూసి, గట్టిగా చంకలో అదుముకుంటూ పోయాను. నా ఆనందానికి హద్దు లేదు. ఎప్పుడూ చదివే చరిత్రను ఆ రోజు నా చంకలో మోస్తున్నానని అనుకున్నాను.

ఆరు ఇరవైకి అధ్యక్షుడు వచ్చాడు. సైకిలు పోవడానికి దారి లేదు. దిగి, గొడుగు మూసి, పడుగుల కింద వంగి వంగి హాల్లోకి చేరాడు. వెనకే ఆరుగురూ వంగి వచ్చారు. ఆయన ముఖంలో కోపం లేదు.

"ఇదేంది కొత్త యవ్వారం?" అని అక్కను చూసి నవ్వాడు. "పడుగు యాడ సాచినా పడుగేనమ్మా. వదిలి లోపలికి రాలేరు గదా." కూర్చుని, ఇంకుపెన్ను తీసి, మొదటి పుటలో అందంగా సంతకం పెట్టాడు. ఆరుగురూ పెట్టారు. పక్కన చిత్తూరు నుంచి మొదటి బస్సుకు వచ్చిన కోఆపరేటివ్ ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. సాక్షి సంతకం పెట్టి ఎనిమిది గంటల బస్సుకు పోవడం ఆయన పని.

ఆరున్నర కొట్టింది. నేను లేచాను.

"కోరం ఉండాదన్నా. బయటోళ్ళంతా సంతకం పెట్టినారు."

అధ్యక్షుడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. అందులో కోపం కంటే నొప్పి ఎక్కువ. "సూపించు" అన్నాడు మెల్లగా.

పుట తిప్పబోయాను. తిరగలేదు.

మళ్ళీ ప్రయత్నించాను. రెండో పుట నుంచి చివరి పుట దాకా పుస్తకం ఒకే అట్ట అయిపోయింది. డెబ్బై మంది గంజి చేతులు, వాటి మీద నా చంక బరువు. గంజి అంటే ఏమిటో, ఆరితే ఏమవుతుందో ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. పుస్తకాలు చదివిన నాకు తప్ప.

అధ్యక్షుడు పుస్తకం తీసుకుని తిప్పి చూశాడు, వేలితో తట్టాడు. అప్పడం చప్పుడైంది. ఆయన ముఖం నెమ్మదిగా వికసించింది.

"ఏరప్పా? ఏడుగురే కనపడతాండారు."

"మేం ఈడనే ఉండాం గదన్నా, కండ్లు కనపడలేదా?" బయట నుంచి అరిచారు ఎవరో.

"కండ్లకు కనపడితే సాలదు నాయనా. పుస్తకంలో కనపడల్ల. అది నేను సెప్పిన మాట కాదు, మన గుమాస్తా సెప్పిన రూలు. అవునా కాదా అప్పా?"

అవునన్నాను. ఏం చేయను, అవును కదా.

"అయితే మళ్ళీ పెడతాం సంతకాలు!"

"ఆరున్నర దాటినాక సెల్లదు. అదీ ఆయనే సెప్పినాడు."

అక్క ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "సారూ, మీరైనా సూడండి. ఇంతమంది మనుషులం నిలబడి ఉండాం."

ఆయన ఇబ్బందిగా కళ్ళజోడు తుడుచుకున్నాడు. "రికార్డులో ఉన్నదే నాకు కనిపిస్తుందమ్మా. ఏడు గంటల వరకు సమయం ఉంది. ఈలోగా పేర్లు చూపించగలిగితే లెక్కపెడతాను."

వీధి నిండా జనం, రికార్డులో ఎవరూ లేరు. నేను చదివిన ఏ చరిత్రలోనూ ఇంత చక్కగా ఒక ప్రజను మాయం చేసినవాడు లేడు. చేసింది నేనే.

అక్క తన కుంచె పక్కవాళ్ళకిచ్చి లోపలికి వచ్చింది. పుస్తకాన్ని బల్ల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది. వరండాలో కట్టిన పడుగు మధ్య నుంచి, దారాలు కలవకుండా పెట్టే సన్నటి వెదురు పుల్ల ఒకటి లాగింది. నీళ్ళ చెంబులో వేళ్ళు ముంచి పుస్తకం అంచుల మీద చిలకరించి, ఆగింది. మళ్ళీ చిలకరించి, మళ్ళీ ఆగింది. గడియారం టకటకమంటోంది. "తొందరగా అక్కా" అన్నాను. "నీ తొందర వల్లనే గదబ్బా ఇంత పని" అంది తల ఎత్తకుండానే. తర్వాత పుల్లను రెండు కాగితాల మధ్యకు జొనిపి, అతుక్కున్న దారాలను విడదీసే చేతులతో, నూలు పోగంత నూలు పోగంత జరిపింది. మొదటి కాగితం విడిపోయింది. బాల్‌పెన్ను సంతకాలు చెదరలేదు. వేలిముద్రలు మరీ శుభ్రంగా ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు ముందుకు వంగి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదమూడు. ఇరవై ఆరు. ముప్పై తొమ్మిది. వరండాలో కుంచెల చప్పుడు ఆగిపోయింది. ఆరుగురిలో ఇద్దరు కూడా తమకు తెలియకుండానే నోళ్ళు కదిలిస్తూ లెక్కపెడుతున్నారు. యాభై మూడు.

చివరి కాగితం రాలేదు. పుల్ల పెడితే పొరలు పొరలుగా చినిగింది. సంతకాలు సగం అటు, సగం ఇటు. ఏడుకు నాలుగు నిమిషాలు.

"యాభై మూడు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఏడు తక్కువ."

అధ్యక్షుడు నిట్టూర్చి, తన చేతి గుడ్డతో అక్కకు చెయ్యి తుడుచుకోమని ఇవ్వబోయాడు. అంత మంచివాడు మరి. అక్క ఆ గుడ్డ వైపు చూసింది, ఆయన ముఖం వైపు చూసింది, తర్వాత ఆయన వెనక కూర్చున్న ఆరుగురి వైపు చూసింది.

"అన్నా, నువ్వు సభ్యుడివి కావా?"

"ఎందుకు కానమ్మా?"

"మరి నిన్నెందుకు లెక్కపెట్టలేదు సారు?"

ఇన్‌స్పెక్టరు పుస్తకం మొదటి పుటకు తిప్పాడు. ఇంకుపెన్నుతో పెట్టిన సంతకాలు, ముత్యాల్లా. ఒకటి, రెండు, మూడు... ఏడు. ఇన్నేళ్ళూ ఆ పుటను ఎవరూ లెక్కపెట్టలేదు. ఎంతమంది ఉన్నారన్నది అవసరమే లేని సభలో లెక్క ఎవరికి కావాలి?

"అరవై" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కోరం ఉంది."

బావమరిది ఎగిరి లేచాడు. "మేం పోతాండాం! మేం లేం ఈ మీటింగులో! పద బావా!"

అప్పుడు నేను, ఎవరూ అడగకుండానే, అలవాటు కొద్దీ లేచాను. "పొయ్యేదానికి లేదని కాదన్నా, పోవచ్చు. కానీ సంతకం పెట్టినవాళ్ళు పోయినా సభలో ఉన్నట్టే. పుస్తకంలో ఉండాది."

సాయిబు నూలు గదిలో నుంచి పడీ పడీ నవ్వుతున్నది వినిపించింది.

తీర్మానం చదివాను. నేనే మంచి మాటలు పెట్టి రాసిన తీర్మానం. చేతులెత్తమంటే అనుకూలంగా ఏడు కూడా రాలేదు, అయిదు వచ్చాయి. వ్యతిరేకంగా గేటు దాకా తెల్లటి గంజి చేతులు. ఎన్నికల తేదీ ఆ రోజే ఇన్‌స్పెక్టరు చేత రాయించింది అక్క. ఆయన ఎనిమిది గంటల బస్సు తప్పిపోయింది. పోయేముందు అధ్యక్షుడు నా భుజం మీద చెయ్యి వేసి, "బాగా సదివినావప్పా" అని మాత్రం అని, గొడుగు తీసుకుని పడుగుల కింద వంగుతూ వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఎన్నికలు జరిగాయి. ఆయనకూ ఓట్లు బాగానే వచ్చాయి, భయంతో కాదు, ఇష్టంతోనే. అది కూడా గుర్తుపెట్టుకోండి. కానీ అధ్యక్షురాలు అక్క అయింది. మంచి నూలు పై నుంచి, చెడ్డ నూలు కింద నుంచి అనే పద్ధతి పోయి, వరుసలో ఎవరుంటే వాళ్ళకు చేతికందిన చిలప ఇవ్వసాగాడు సాయిబు. ఆయన పాత విసనకర్ర మళ్ళీ ఆయనకు చేరింది.

కథ ఇక్కడ ముగిస్తే నాకూ బాగుంటుంది, మీకూ బాగుంటుంది. కానీ అక్క అధ్యక్షతన మొదటి సర్వసభ్య సమావేశం పది గంటలకు పెడితే నలభై ఒక్క మంది వచ్చారు. పడుగుల పని అయిపోయే వేళే, నోటీసు వీధి వీధికీ పంచాను. అయినా నలభై ఒక్కరే. పోయి అడిగితే, "ఇప్పుడు ఉండేది మనోళ్ళే గదబ్బా, మేం రావల్నా ఏంది?" అన్నారు.

నేను గడియారం చూశాను. నాలుక దురద పెట్టింది. అక్క నా వైపు చూసి, "ఆ అరగంట మాట ఎత్తినావంటే సూడు" అంది. "రూలు పుస్తకంలో ఉండనీ. మనం వాడొద్దు. అరవై మంది వచ్చేదాకా పిలువు."

"ఎవరు పిలిచేదక్కా?"

"ఇన్నేండ్లు రాకుండా సేసింది ఎవరు?"

ఆ రోజు నుంచి ప్రతి సమావేశానికి ముందు నేను సైకిలు మీద ఇంటింటికీ తిరిగాను. స్నానంలో ఉన్నవాణ్ణి పిలిచాను, భోజనం ముందు కూర్చున్నవాణ్ణి లేపాను, భార్యతో పోట్లాడుతున్నవాణ్ణి మధ్యలో ఆపి తీసుకొచ్చాను. పాత అధ్యక్షుణ్ణి కూడా బతిమాలి తెచ్చాను. ఆయన మొదటిసారి నన్ను అరగంట కూర్చోబెట్టి గానీ లేవలేదు.

మూడో సమావేశానికి సరిగ్గా అరవై మంది అయ్యారు. నాకు కళ్ళు చెమర్చాయి. అజెండా మొదలుపెట్టకముందే వెనక నుంచి ఒకాయన లేచి, ముందు తన ఫిర్యాదు వినాలన్నాడు. సంఘం గుమాస్తా వేళాపాళా లేకుండా ఇళ్ళ మీదికి వచ్చి సభ్యులను విసిగిస్తున్నాడు, దీన్ని సభ ఖండించాలి. అక్క నన్ను రాసుకోమంది. నా చేతిరాతతోనే మినిట్స్ పుస్తకంలో రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను.

చేతులెత్తమంటే, పాత అధ్యక్షుడిదీ అక్కదీ కలిపి, అరవై చేతులూ లేచాయి.